అక్కచెల్లెళ్ళ సాళ్ళు

నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. జవాబు సరిగ్గా ఉండి మెట్లు లేకపోతే సున్నా వేసేదాన్ని. మెట్లన్నీ ఉండి ఆఖర్న ఎక్కడో కూడిక తప్పితే ఒక్క మార్కు కోసి మిగతావన్నీ ఇచ్చేదాన్ని. పిల్లలు నా వెనక నన్ను కత్తెర అనేవాళ్ళు. వినీ విననట్టు ఊరుకునేదాన్ని గాని, ఆ పేరు మీద నాకు లోలోపల కాస్త గర్వమే. ఎవరి మార్కు కొయ్యాలన్నా నా చెయ్యి వెనకాడలేదు, సొంత కొడుకుదైనా సరే. వాడు నా క్లాసులోనే లెక్కల్లో తప్పాడు. ఇప్పుడు లిఫ్టులు బాగుచేస్తాడు. అమ్మ తనని ఎన్నిసార్లు కిందికి దించినా తను మాత్రం జనాన్ని పైకే తీసుకెళ్తున్నానని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు. వాళ్ళు నవ్వకపోతే మళ్ళీ చెబుతాడు.

కోడలిది వేరే లోకం. తను సోయా మొక్కల జన్యువుల మీద పరిశోధన చేస్తుంది. పరిశోధన కేంద్రం గేటు దగ్గర కాపలా మనిషి తనకి సోయా డాక్టరు అని పేరు పెట్టాడు, ఇప్పుడు డైరెక్టరు కూడా అలాగే పిలుస్తున్నాడు. కేంద్రం వాళ్ళిచ్చిన క్వార్టర్సులో మేం ముగ్గురం ఉంటాం. రెండు గదులు, వంటిల్లు, పైన బట్టలారేసుకునే డాబా, వెనక చిన్న పెరడు, పెరట్లో కుళాయి, బాత్రూము. పెరటి గోడకి అవతల తన పొలం. నీ ఉద్యోగం గోడ దూకితే చాలు అని నేను ఏడిపిస్తుంటాను. చుట్టూ తిరిగి వెళ్ళే తీరిక లేనప్పుడు తను నిజంగానే స్టూలేసుకుని దూకుతుంది.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి తన పనేమిటో చూపించమన్నాను. సోయా పువ్వు బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దది, అంతే. మొగ్గ విచ్చుకోకముందే లోపల్లోపల తన పెళ్ళి తనే చేసేసుకుంటుంది, ఎవరినీ పిలవదు. మా కోడలు అంతకన్నా ముందే ఆ మొగ్గని సన్నటి పట్టకారుతో విప్పి, లోపలి కేసరాలు ఒక్కొక్కటే పీకేసి, వేరే మొక్క పుప్పొడి తెచ్చి అద్దుతుంది. అద్దినవాటిలో చాలామటుకు రాలిపోతాయి. నిలిచినవాటి గింజలు నాటి, మొలిచిన మొక్క ఆకులో చిన్న ముక్క తుంచి, యంత్రంలో పరీక్ష పెట్టి, తండ్రి దగ్గర్నుంచి రావలసిన జన్యువు వచ్చిందా లేదా చూస్తుంది. ఇంత ఓపిక ఉన్న పిల్ల మావాణ్ణి ఎందుకు చేసుకుందో నాకు అప్పుడు అర్థమైంది.

ఇంతకీ తను వెతికేది ఏమిటంటే నిదానం. సోయా మొక్క రాత్రిని కొలుస్తుందట. రాత్రి పొడుగైతే చాలు, కాలం మించిపోతోందని కంగారుపడి, మోకాలెత్తు కూడా పెరగకుండానే పూతకొచ్చేస్తుంది. పొట్టి మొక్కకి కాయలెన్ని కాస్తాయి? అందుకని పగళ్ళు పొట్టిగా ఉండే కాలంలో ఎవరూ సోయా వెయ్యరు, నేల ఊరికే పడుంటుంది. ఎక్కడో దూరాన ఒక పాత రకం ఉంది, దానికి ఈ కంగారు లేదు. రాత్రి ఎంత పొడుగైనా నడుమెత్తు పెరిగాకే పూస్తుంది. దాని నిదానాన్ని ఇక్కడి పంటలోకి తీసుకురావాలి. పంటకి తరవాత నేర్పుదువు గాని, ముందు నీ మొగుడికి నేర్పమ్మా నిదానం అన్నాను. ఆయనలో ఆ జన్యువే లేదత్తయ్యా అంది. ఆ రోజు నుంచి మాకు బాగా కుదిరింది.

తనది కాంట్రాక్టు ఉద్యోగం. ఈ పంటతో గడువు అయిపోతుంది. మొక్కలు నిదానించి పూస్తే ఉద్యోగం పర్మనెంటవుతుంది, పని సాగుతుంది, మేం ఈ ఇంట్లోనే ఉంటాం. తొందరపడి పూస్తే పని ఆగిపోతుంది, ఇన్నేళ్ళ గింజలూ డబ్బాల్లోకి పోతాయి, మేం ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఇంట్లో ముగ్గురికీ తెలుసు. అన్నం తినేటప్పుడు మాత్రం ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.

ఇక లైటు సంగతి. నాకు చూపు మసక. తెల్లారకముందే లేచి పెరట్లోకి వెళ్ళడం నా పాత అలవాటు, బడి రోజుల నుంచీ వచ్చింది. ఒకరోజు కుళాయి గట్టు తన్నుకుని బోర్లా పడ్డాను. ఎముక విరగలేదు గాని చెయ్యి బూరెలా పొంగింది. అప్పటిదాకా చూరు కింద ఒక బల్బు ఉండేది, దాని వెలుగు గడప దాటేది కాదు. అప్పుడు కోడలు ఊళ్ళో లేదు. గింజలు నాటించిన వెంటనే డైరెక్టరు తనని ఇంకో కేంద్రానికి పనిమీద పంపాడు, కొన్ని వారాలు అక్కడే ఉండిపోయింది. మావాడు ఎక్కడో పని దగ్గర మిగిలిన పెద్ద లైటు ఒకటి పట్టుకొచ్చాడు. ఎక్కడ పెట్టమంటావమ్మా అన్నాడు. డాబా పిట్టగోడకి పెట్టు, పెరడంతా పడాలన్నాను. స్విచ్చి కోసం తడుముకోవడం నావల్ల కాదు, చీకటి పడితే దానంతటదే వెలగాలి, తెల్లారితే ఆరాలన్నాను. నా లెక్కలు రాలేదు గాని వాడికి తీగల లెక్కలు బాగా వచ్చు. ఆ రాత్రి నుంచీ పెరట్లో సూది పడినా కనిపించేది.

కోడలు తిరిగొచ్చి లైటు చూసింది. మంచి పని చేశారు, ఇంక మీరు పడరు అంది. అక్కడితో ఆ మాట అయిపోయింది. రోడ్డు లైట్ల పక్కన వేసిన సోయా పూతకి రాకుండా ఎలా ఉండిపోతుందో విద్యార్థులకి బొమ్మ గీసి మరీ చెప్పే మనిషి. కాని రోడ్డు లైటు వేరు, ఇంటి లైటు వేరు. అత్తగారు పడకుండా పెట్టిన దీపాన్ని ఎవరు అనుమానిస్తారు? పైగా మధ్యలో గోడ ఉండనే ఉంది. తను పడుకునే గది ముందువైపు, చీకటి పడ్డాక పొలంలోకి వెళ్ళే పని లేదు.

మా గోడ దగ్గర మొదలై అవతలి కాలవ దాకా ఆ సాళ్ళు నడుస్తాయి. ఒక తల్లికి పుట్టిన పిల్లల్ని పక్కపక్క సాళ్ళలో నాటడం వాళ్ళ పనిలో ఆనవాయితీ. అక్కచెల్లెళ్ళు పక్కపక్కన ఉంటే పోలికలు చూసుకోవడం తేలిక. వాళ్ళు ఆ మాటే వాడతారు, అక్కచెల్లెళ్ళ సాళ్ళు అని. ఒక్కో సాలుకి పేరు ఉండదు, నంబరే. సరిగ్గా మా పెరటికి ఎదురుగా ఉన్న సాలు నంబరు నలభై ఏడు.

రాత్రులు పొడుగయ్యాయి. ఇక్కడి మామూలు రకం మొక్కలు అలవాటు ప్రకారం మోకాలి దగ్గరే ఆగి పూసేశాయి. తక్కిన కుటుంబాలు కూడా అంతే. నలభై ఏడు మాత్రం పెరుగుతూనే ఉంది. దాని పక్కనున్న అక్కచెల్లెళ్ళు అంత కాకపోయినా సగం సగం పెరుగుతున్నాయి. ఒకే సాలులో కొన్ని పొడుగు, కొన్ని పొట్టి ఉన్నాయంటే అందులో వింతేం లేదట, ఇంకా స్థిరపడని తరం, ఒకే కడుపున పుట్టినా అందరూ ఒకేలా ఉండరు. పొలంలో పనిచేసేవాళ్ళు సాలుకి ఎన్ని పొడుగున్నాయో లెక్కపెట్టి ఇచ్చారు. నలభై ఏడులో అన్నిటికన్నా ఎక్కువ, దాని తరవాత దాని తోబుట్టువుల్లో, దూరపు చుట్టాల్లో దాదాపు ఏమీ లేవు. ఆకు పరీక్ష ప్రకారం ఆ కుటుంబానికే పాత రకం జన్యువు ముక్క వచ్చింది. ఇంకేం కావాలి? తాళం దొరికింది, తాళంచెవీ దొరికింది.

మా కోడలు ఆ వారాల్లో నడిచేది కాదు, తేలేది. వంట చేస్తూ కూనిరాగం తీసేది. పప్పులో ఉప్పు రెండుసార్లు పడినా ఎవరం నోరెత్తలేదు. నాకు అన్ని లెక్కలూ అనుమానమే కాబట్టి, ఎన్ని మొక్కలు, ఎన్నిట్లో ఎన్ని అని నేనూ అడిగాను. టకటకా చెప్పింది. బాగానే కుదిరిందన్నాను. అందరూ ఎన్ని అనే అడిగారు. ఎక్కడ అని నేనూ అడగలేదు, తనూ చూసుకోలేదు.

డైరెక్టరు కమిటీవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. గోడ పక్క బాటలో నిలబడి అందరూ తలలూపారు. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే కొత్త రకానికి ఏం పేరు పెట్టాలన్న చర్చ మొదలైంది. కోత అయ్యాక గింజలు వేరే కేంద్రాలన్నిటికీ పంపాలని, రాబోయే మీటింగులో ఫలితం ప్రకటించాలని, సోయా డాక్టరు ఉద్యోగం సంగతి కూడా అందులోనే తేల్చేయాలని అనుకున్నారు. నేను పిట్టగోడ మీంచి ఆ మాటలన్నీ విన్నాను. చూపు మసకే గాని చెవులు బాగానే పనిచేస్తాయి.

మీటింగు ఇంకా కొద్దిరోజులుందనగా ఒక మధ్యాహ్నం ఇద్దరం డాబా మీద దుప్పట్లు ఆరేస్తున్నాం. నేను ఒక కొస పట్టుకున్నాను. రెండో కొస పట్టుకోవలసిన మనిషి పట్టుకోలేదు. ఏమైందా అని చూస్తే పళ్ళమధ్య క్లిప్పు పెట్టుకుని పొలం వంక చూస్తూ నిలబడిపోయింది. నాకు కిందంతా పచ్చటి మసక. ఏమిటే అన్నాను. కాసేపటికి తల మెల్లగా పక్కకి తిప్పింది. తన మోచేతికి ఆనుకునే ఉంది నా లైటు.

దుప్పటి నా చేతిలోనే వదిలేసి దిగి వెళ్ళిపోయింది. స్టూలు కూడా వేసుకోకుండా గోడ ఎలా దూకిందో నాకు తెలీదు. నలభై ఏడో సాలులో ఈ కొస నుంచీ ఆ కొస నుంచీ ఆకులు తుంచుకుని ల్యాబుకి పోయింది. చీకటి పడ్డాక వచ్చి తలనొప్పిగా ఉందని పడుకుంది. మర్నాడూ అంతే. నేను అడగలేదు. అడిగితే చెప్పే రకం కాదు, అడక్కపోతే చెబుతుంది.

ఆ మర్నాడు సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతూ చెప్పింది. మావాడు కూడా అప్పుడే వచ్చి కూర్చున్నాడు. పొడుగు మొక్కలన్నీ మా గోడవైపే ఉన్నాయట. అదే సాలు, అదే తల్లి పిల్లలు, కాలవ కొసకి వెళ్ళేసరికి మోకాలెత్తున ఆగిపోయి పూసేశాయి. రెండువైపులా ఆకుల్లో అదే జన్యువు ముక్క ఉంది. సాళ్ళేమో తిన్నగా ఉన్నాయి, పచ్చదనం మాత్రం పళ్ళెం అంచులా గుండ్రంగా ఉంది. దాని నడిమధ్యన మా పిట్టగోడ. జన్యువులు సాలు వెంబడి పోతాయి గాని గుండ్రంగా తిరగవు అత్తయ్యా అంది.

నాకు వెంటనే అర్థమైంది, అర్థం కాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది. రాత్రంతా వెలుగు పడుతుంటే ఆ మొక్కలకి రాత్రి పొడుగైన సంగతే తెలీలేదు. నిదానం వాటికి తండ్రి ఇచ్చింది కాదు, నా లైటు ఇచ్చింది. పక్కపక్కనున్న సాళ్ళు ఒకేలా ఉంటే అక్కచెల్లెళ్ళు కదా అనుకున్నారు. బడిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకే తప్పు చేస్తే నేను చుట్టరికం అనుకుంటానా, కాపీ అనుకుంటాను. అలాంటిదాన్ని నా పెరటి వెనక జరిగిన కాపీ పట్టుకోలేకపోయాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని.

మావాడు గబుక్కున లేచి లైటు పీకేస్తానన్నాడు. ఇప్పుడు పీకి ఏం లాభం, పూతకాలం అయిపోయిందిగా అంది తను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. వాడు మళ్ళీ కూర్చున్నాడు. బెండకాయలు తరగడం అయిపోయినా కత్తి చప్పుడు ఆగలేదు. చూస్తే ఖాళీ పీట మీదే ఆడిస్తోంది.

అప్పుడు నేనొక మాట అన్నాను. జీవితంలో ఏ పిల్లాడికీ చెప్పని మాట.

"మీటింగులో ఏమీ చెప్పకు. గింజలు ఎలాగూ వేరే కేంద్రాలకి పంపుతారు. అక్కడ లైట్లుండవు. పంట సరిగ్గా రాకపోతే ఆ నేల పడలేదనుకుంటారు. ఈలోగా నీ ఉద్యోగం నిలబడుతుంది. నువ్వు అబద్ధం చెప్పినట్టూ కాదు, ఊరుకున్నట్టు అంతే."

మావాడు నా మొహం వంక వింతగా చూశాడు. వాడికి గుర్తొచ్చే ఉంటుంది, ఒకసారి వెనక పేజీలో జవాబు చూసి రాశాడని వాడి కాగితం మొత్తం కొట్టేశాను.

కోడలు కత్తి పక్కన పెట్టింది. కోపం లేదు. అలిసిపోయింది అంతే.

"మీ క్లాసులో ఎవరైనా ఇలా చేస్తే ఎన్ని వేసేవారత్తయ్యా?"

తను జవాబు కోసం ఆగలేదు. బెండకాయ ముక్కలు మూకుట్లో వేసి పొయ్యి వెలిగించింది. నాకు సిగ్గేసింది. సిగ్గు కన్నా భయం ఎక్కువేసింది. ఇల్లు పోతుందని, తన కళ్ళలో ఆ వెలుగు ఆరిపోతుందని, అదంతా నేను కుళాయి గట్టు తన్నుకోవడం వల్లేనని. ఆ రాత్రి వేయి దేవుళ్ళకి మొక్కలేదు గాని, కమిటీకి కాస్త చెముడు రావాలని మాత్రం కోరుకున్నాను.

మీటింగులో చెప్పేసింది. మీటింగు నుంచి వచ్చి, అయిపోయింది అంది. ఏమన్నారు అంటే, ఏమంటారు, విన్నారు అంది. ఏదో మిగిలి ఉందని, పొలం ఆ చివర చీకట్లో ఉన్న ఒక సాలు ఇక్కడి మామూలు రకం కన్నా కాస్త వెనకగా పూసిందని, ఇన్నాళ్ళూ నలభై ఏడు మోజులో దాని మొహం ఎవరూ చూడలేదని కూడా చెప్పిందట. అది నిజంగా నిదానమో, నీరెక్కువై పెరిగిందో ఇంకో పంట వేస్తే గాని తెలీదు. ఇంకో పంట ఇచ్చేది లేనిది కమిటీవాళ్ళు ఆలోచించుకుని చెబుతామన్నారు.

మర్నాడు డైరెక్టరే స్వయంగా మా ఇంటికొచ్చాడు, లైటు చూడ్డానికి. పెద్దమనిషి, మర్యాదగలవాడు, చెప్పులు బయటే విడిచి పెరట్లోకి నడిచాడు. పిట్టగోడ వంక, గోడ అవతలి మొక్కల వంక చాలాసేపు చూశాడు. ఆ తరవాత నావైపు తిరిగి, మీ కోడలు ఇంత చదువుకుని, రోజూ పదిమందికి పాఠం చెబుతూ, తన పొలం మీద తనే లైటు పెట్టించుకుందంటే నాకు నమ్మశక్యం కావట్లేదమ్మా అన్నాడు.

నాకూ నమ్మశక్యం కాలేదు. నోరు తెరిచాను. కోడలు ఆయన వెనక నిలబడి నావంక ఒక్క చూపు చూసింది. పెళ్ళయినప్పటి నుంచి అలాంటి చూపు నామీద పడలేదు. అత్తయ్యా, కాస్త టీ పెడతారా అంది. నేను కుక్కిన పేనులా వంటింట్లోకి పోయాను.

పాలు పొంగేదాకా నాకు పూర్తిగా తలకెక్కలేదు. అంత మీటింగులో, అంతమంది ముందు, లైటు ఎవరు పెట్టించారు అని అడిగి ఉంటారు. నేనే అని ఉంటుంది. ఉద్యోగం కోసం ఒక్క మొక్క విషయంలో అబద్ధమాడని పిల్ల, నా కోసం ఆడింది. నేను టీ పట్టుకొచ్చేసరికి డైరెక్టరు వెళ్ళిపోయాడు. కోడలు కూడా ఆయన వెంటే పొలంలోకి పోయింది. రెండు గ్లాసుల టీ నేనే తాగాను.

పొద్దున్నే వాళ్ళిద్దరూ పనులకి పోయాక చీర మార్చుకుని బయల్దేరాను. పడ్డప్పటి నుంచి ఒక్కదాన్ని వీధి గడప దాటింది లేదు. డైరెక్టరు ఆఫీసు పొలాలకి ఆ చివర. గోడ పట్టుకుని నడిచినంత దూరం నడిచాను, గోడ అయిపోయాక కాలవ గట్టు. గట్టు మీద నీళ్ళేవో, నేలేదో నాకు సరిగ్గా తెలీలేదు. కాలితో తడిమి, ఆనిన తరవాతే రెండో కాలు వేశాను. ఎదురొచ్చిన కాపలా మనిషి నన్ను చూసి హడలిపోయి చెయ్యి అందించాడు. సోయా డాక్టరు గారికి ఫోన్ చెయ్యమంటారా అన్నాడు. చేశావంటే ఊరుకోనన్నాను. పాపం, అతని పిల్లలు నా దగ్గర చదువుకోలేదు గాని భయం మాత్రం పుట్టింది.

డైరెక్టరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నా నేను కూర్చోలేదు.

"ఆ లైటు నేను పెట్టించాను. మా కోడలు కాదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తనేమో నేనంటుంది, మీరేమో నేనంటున్నారు, ఇంటిమీద అభిమానంతో ఎవరైనా ఏదైనా చెబుతారు, నేను ఎవరి మాట పట్టుకోవాలి అన్నాడు. న్యాయమైన ప్రశ్న. అందుకని మెట్లు చెప్పాను. లైటు పెట్టింది మా అబ్బాయి. పెట్టింది నేను పడిన మర్నాడు. నా చెయ్యి వాస్తే కట్టు కట్టింది ఈ కేంద్రం కాంపౌండరే, ఎప్పుడో అతన్ని అడగండి. ఆ వారాల్లో మా కోడలు ఊళ్ళో లేదు.

"ఎక్కడికెళ్ళిందో మీకే తెలుసు. పంపింది మీరే," అన్నాను.

ఆయన కిటికీలోంచి పొలాల వంక చూశాడు. తరవాత మెల్లగా చెప్పాడు, కమిటీలో సగంమందికి నలభై ఏడు పోయిందని బాధ లేదట. పరిశోధనలో పోయేవే ఎక్కువ. కాని లైటు పడితే సోయా ఏమవుతుందో తెలిసి తెలిసీ పెట్టించుకున్న మనిషి చేతికి ఇంకో పంట ఎలా ఇస్తామన్నారట. అదొక్కటే అడ్డం.

"తెలియక జరిగిందైతే నేను అడగగలనమ్మా. ఇస్తారని మాటివ్వలేను. అడుగుతాను," అన్నాడు.

అదే చాలన్నాను. అప్పుడు కూర్చున్నాను.

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఇంకొక్క పంట ఇచ్చారు. పర్మనెంటు కాదు, ప్రకటన కాదు, కొత్త రకానికి పేరూ లేదు. పొలం ఆ చివర ఉన్న ఆ మొహం తెలియని సాలు గింజలు కోసి, పొలం మధ్యలో, ఏ ఇంటికీ దగ్గర కాకుండా, తోబుట్టువుల్ని విడదీసి తలా ఒక చోట నాటాలి. ఇల్లు అప్పటిదాకా ఉంటుంది. ఆ తరవాతి సంగతి మొక్కల చేతిలో ఉంది. నలభై ఏడో సాలు గింజల్ని మా కోడలు డబ్బాలో పోసి మూతపెట్టింది. మూత పెట్టేటప్పుడు ఏడ్చింది, నేను చూశాను, చూశానని చెప్పలేదు.

కాని ఆ కబురు రావడానికి ముందే, నేను డైరెక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు సాయంత్రమే తనకి తెలిసిపోయింది. కాపలా మనిషి నోట్లో నువ్వుగింజ నానదు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా నామీద విరుచుకుపడింది. ఒక్కరూ ఎందుకు వెళ్ళారు, కాలవ గట్టు మీద కాలు జారితే ఎవరు చూస్తారు, అసలు మీరెందుకు చెప్పారు అని. ఇంత గొంతు ఉందని నాకు తెలీదు.

"ముందు నువ్వు చెప్పు. ఎందుకు అబద్ధమాడావు?" అన్నాను.

చెప్పులు విడిచి వచ్చి నా పక్కన మంచం మీద కూర్చుంది.

"మీ వల్ల పోయిందని తెలిస్తే మీరు ఇంక లైటు వెయ్యనివ్వరు. ఇంకెక్కడికి మారినా వెయ్యనివ్వరు. నాకు చెప్పకుండా చీకట్లో తడుముకుంటూ వెళ్తారు. మళ్ళీ పడతారు."

నిజమే. అప్పటికే రెండు రోజుల నుంచి నేను లైటు మీటర్ దగ్గర ఆపేసి, గోడ పట్టుకుని వెళ్తున్నాను. ఎవరికీ తెలీదనుకున్నాను.

మావాడు ఆ ఆదివారం పిట్టగోడ మీద లైటు పీకేసి, కుళాయి గట్టుకి, బాత్రూము మెట్టుకి మడమ ఎత్తులో రెండు చిన్న బల్బులు పెట్టి, పైన రేకు మూతలు వేశాడు. వెలుగు నా పాదాల మీద పడుతుంది, గోడ ఎక్కదు. కోడలు చీకటి పడ్డాక గోడ అవతల మొక్కల మధ్య వంగి కూర్చుని, ఇంకా కాస్త కిందికి, ఇంకా కాస్త అని వాణ్ణి విసిగించింది. ఈ పని ముందే చెయ్యొచ్చు కదరా అంటే, నువ్వు పైన పెట్టమన్నావమ్మా అన్నాడు. అదీ నిజమే.

నేను ఇప్పటికీ మనసులో కాగితాలు దిద్దుతూనే ఉంటాను, అలవాటు పోలేదు. ఆ మీటింగులో మా కోడలు చెప్పిన లెక్క చాలాసార్లు దిద్దాను. ఎన్ని చోట్ల, ఎక్కడ, ఎందుకు, ఆకులో ఏముంది, అన్ని మెట్లూ వరసగా ఉన్నాయి. జవాబు రాలేదు, అయినా మెట్లకి మార్కులుంటాయి. ఒక్క చోట తప్పు, లైటు పెట్టించింది తనే అని చెప్పిన చోట. తప్పు కూడా కాదు, శుద్ధ అబద్ధం. అక్కడ మార్కు కొయ్యాలి. ఆ మార్కు కొయ్యడానికి నాకు చెయ్యి రావట్లేదు.